కూరగాయల తోటలోను కంపోస్టు కుప్పలోను చీమలు

చీమను ఎరుగని ఇల్లు భారతదేశంలో లేదు. సంస్కృతంలో దానికి పిపీలిక అని పేరు. ఆ మాటే రూపు మారి బెంగాలీలో పింప్డా అయినది. తమిళులు ఎఱుంబు అనీ, మలయాళీలు ఉఱుంబు అనీ, కన్నడిగులు ఇరువె అనీ, మరాఠీవారు ముంగీ అనీ, గుజరాతీలు కీడీ అనీ పిలుస్తారు. పేర్లు ఎన్ని ఉన్నా ఆ చిన్న ప్రాణి పట్ల ఈ దేశ ప్రజలు చూపుతూ వచ్చిన భావం ఒక్కటే. తెలుగువారి ముంగిట ముగ్గు, తమిళుల కోలం, ఒడిశాలో ఝోటి, బెంగాలులో ఆల్పన - వీటిని బియ్యప్పిండితో గాని, పిండి కలిపిన నీటితో గాని వేసే ఆచారం నేటికీ కలదు. ఆ పిండి చీమలకూ పిట్టలకూ ఆహారమవుతుందని పెద్దలు చెబుతారు. రాజస్థాన్‌లో చీమల పుట్టను కీడీనగరా అంటారు. చీమల నగరమని దాని అర్థం. ఆ నగరం వద్ద పిండి, చక్కెర కలిపి చల్లడం అక్కడివారికి పుణ్యకార్యం.

అయితే ముంగిట ఆదరించిన చీమనే పెరటిలో చూడగానే గృహస్థు కలవరపడతాడు. చిక్కుడు తీగ కొనలపై నల్లచీమల బారు కనిపించినా, ఎరువు గుంటలో పార వేయగానే ఎర్రచీమలు కాళ్ళకెక్కినా, చేతికి మొదట అందేది పురుగుమందు పొడి డబ్బాయే. ఈ తొందరపాటు వలన చీమలు పోవు. తోటకు మేలు చేసే జీవులు పోతాయి, కూరగాయలపై విషం మిగులుతుంది. పాఠశాలల ఆవరణల్లో కూరగాయల తోటలు పెంచుటకు మధ్యాహ్న భోజన పథకం కింద కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు వెలువరించినది. అటువంటి తోటలో ఉదయం కోసిన బెండకాయ మధ్యాహ్నానికి పిల్లల పళ్ళెంలోకి వస్తుంది. కావున చీమలను ఎప్పుడు విడిచిపెట్టవచ్చునో, ఎప్పుడు తొలగించవలెనో, విషం లేకుండా ఎట్లు తొలగించవలెనో తెలుసుకొనడం అవసరం.

చీమల కుటుంబం

మన దేశంలో ఇంతవరకు గుర్తించిన చీమల జాతులు, ఉపజాతులు 800కు పైగా ఉన్నవి. వీటిని గురించి సి. టి. బింగ్‌హామ్ 1903లో ప్రకటించిన సంపుటం చాలాకాలం ప్రామాణిక గ్రంథంగా నిలిచినది. తోటలో తరచుగా కనిపించే వాటిలో పెద్దదైన నల్లని గండుచీమ ఒకటి. శాస్త్రజ్ఞులు దానిని కాంపోనోటస్ కంప్రెసస్ అంటారు. కుట్టినచోట మంట పుట్టించి పొక్కు లేపే చిన్న ఎర్రచీమల్లో సోలెనాప్సిస్ జెమినేటా ముఖ్యమైనది. ఇవిగాక గింజలను మోసుకొనిపోయి నిల్వచేసే చీమలు, చెట్ల ఆకులను పట్టుదారంతో కలిపి గూడు కట్టే చీమలు మొదలైనవి ఎన్నో కలవు.

చీమలు గుంపుగా జీవించే కీటకాలు. గూటిలో గుడ్లు పెట్టే రాణి ఒకటో, కొన్నో ఉంటాయి. మిగిలినవి పనిచేసే చీమలు. ఇవన్నీ ఆడవే. ఆహారం కొరకు బయటికి వచ్చేవి వీటిలో కొద్ది భాగం మాత్రమే. ఆహారం దొరికిన చీమ తిరుగుదారిలో నేలపై ఒక వాసన ద్రవ్యాన్ని వదులుతూ పోతుంది. ఆ వాసనను పట్టుకొని తక్కినవి వస్తాయి. మనకు కనిపించే బారు ఇట్లు ఏర్పడినదే. తెచ్చిన ద్రవాహారాన్ని అవి నోటినుండి నోటికి అందించుకొంటాయి.

ఈ సంగతి తెలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. బారులోని చీమలను చంపినంతమాత్రాన గూడు నశించదు. రాణి నేల లోపల క్షేమంగా ఉంటుంది. పోయిన వాటి స్థానంలో కొత్తవి బయలుదేరుతాయి. ఆహారం ఉన్నంతకాలం దారి ఉంటుంది. కావున చీమల దారి చూచినవారు మొదట వేసుకొనవలసిన ప్రశ్న అవి ఎక్కడికి, దేనికొరకు పోతున్నవి అన్నది.

చెదలు చీమలు కావు

చెదలను తెల్లచీమలని కొందరు వ్యవహరిస్తారు. ఇది సరికాదు. చీమలు కందిరీగలకు, తేనెటీగలకు దగ్గరి బంధువులు. చెదలు బొద్దింకలకు దగ్గరివి. చీమ నడుము దారంవలె సన్నగా ఉంటుంది. మీసాలు మోచేయివలె వంగి ఉంటాయి. చెదపురుగుకు నడుము సన్నగా ఉండదు. మీసాలు పూసలదండవలె నిటారుగా ఉంటాయి. పొలాల గట్లపై మనిషి ఎత్తున లేచే మట్టి పుట్టలు చాలావరకు చెదలు కట్టినవే. చెదలను పట్టి తినే శత్రువుల్లో చీమలు ముఖ్యమైనవి. చీమ అనుకొని చెదకు, చెద అనుకొని చీమకు చికిత్స చేయడం వలన శ్రమ వృథా అవుతుంది.

చీమల వలన కలిగే మేలు

చీమలు నేలలో తొలిచే సన్నని దారుల గుండా గాలి, నీరు లోపలికి పోతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక మెట్ట ప్రాంతంలో జరిపిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడినవి. చీమలు, చెదలు ఉన్న నేలలో అవి లేని నేలకంటె గోధుమ దిగుబడి 36 శాతం అధికంగా వచ్చినట్లు అందులో తేలినది. వర్షపు నీరు ఎక్కువగా ఇంకడం, నేలలో నత్రజని పెరగడం ఇందుకు కారణాలు. అన్ని నేలలకు ఈ లెక్క వర్తిస్తుందని చెప్పరాదు. వర్షాధారపు నేలల్లో చీమ పనికిమాలిన జీవి కాదని మాత్రం దీనివలన గ్రహించవచ్చును.

చీమలు చిన్న గొంగళిపురుగులను, పురుగుల గుడ్లను, చచ్చిన కీటకాలను మోసుకొనిపోతాయి. ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను, అంటే ఈకోఫిల్లా స్మరగ్డినా జాతిని, నిమ్మజాతి తోటల్లో పురుగుల నివారణకు వాడిన విషయం క్రీ.శ. 304 నాటిదని చెప్పే చైనా గ్రంథంలో కలదు. చీమల గూళ్ళను కొని తెచ్చి చెట్లకు కట్టేవారని అందులో ఉన్నది. ఈ చీమనే కేరళలో నీఱు అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంత గిరిజనులు వీటితో చాప్రా అనే పచ్చడి చేస్తారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో చేసే సిమిలిపాల్ కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించినది.

కూరగాయల పాదులకు సంబంధించిన మరొక విశేషం ఉన్నది. బీర, అలసంద వంటి మొక్కలకు పూలలోనే గాక పూల వెలుపల కూడా తీపి ద్రవం ఊరే చిన్న గ్రంథులు ఉంటాయి. చీమలు ఆ ద్రవం కొరకు వస్తాయి. వచ్చిన చీమలు ఆకు తినే పురుగులను అక్కడ నిలువనీయవు. అంటే మొక్క తేనె ఇచ్చి కాపలా పెట్టుకొన్నదన్నమాట. బీరపాదుపై చీమలు తిరుగుతున్నా ఆకులు నున్నగా, శుభ్రంగా ఉంటే వాటి జోలికి పోనవసరం లేదు.

పేనుబంకతో పొత్తు

చీమల వలన తోటకు కలిగే ప్రధానమైన కీడు పరోక్షమైనది. చిక్కుడు, అలసంద తీగలపై నల్లని పేనుబంక, బెండ, వంగ ఆకుల అడుగున పసుపుపచ్చని పేనుబంక, లేత కొమ్మలపై తెల్లని పిండినల్లి చేరుతాయి. ఇవి మొక్కల రసాన్ని పీలుస్తాయి. రసంలో మాంసకృత్తులకు పనికివచ్చే భాగం తక్కువ, చక్కెర ఎక్కువ. కావున అవసరమైన పోషకం దొరికేవరకు అవి చాలా రసం పీల్చి, మిగిలిన తీపి నీటిని బొట్లుగా వదులుతాయి. చీమలకు ఇది ఇష్టమైన ఆహారం.

ఈ తీపికి బదులుగా చీమలు పేనుబంకకు రక్షణ ఇస్తాయి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగుల పిల్లలు, అతి చిన్న కందిరీగలు పేనుబంకకు, పిండినల్లికి సహజ శత్రువులు. చీమలు వాటిని తరిమివేస్తాయి. కొన్ని జాతుల చీమలు పిండినల్లి పిల్లలను ఒక మొక్కనుండి మరొక మొక్కకు మోసుకొని కూడా పోతాయి. ఆకులపై మిగిలిన తీపి జిగటమీద నల్లని బూజు పెరుగుతుంది. రైతులు దీనిని మసి తెగులు అంటారు. మసి పట్టిన ఆకుకు ఎండ తగలదు, మొక్క కుంగిపోతుంది.

ఇక్కడ మొక్కను బాధిస్తున్నది పేనుబంక; దానిని కాపాడుతున్నది చీమ. చీమ దారిని తెంచితే మిత్ర కీటకాలు తిరిగి వచ్చి మిగిలిన పని చేస్తాయి. వాటి శక్తిని మన దేశం ఒకటి కంటె ఎక్కువసార్లు చూచినది. 1898లో ఆస్ట్రేలియానుండి తెప్పించిన క్రిప్టొలీమస్ అనే అక్షింతల పురుగు దక్షిణ భారతంలో స్థిరపడి నేటికీ పిండినల్లిని తింటున్నది. దాని పిల్లపురుగు ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో పిండినల్లివలెనే కనిపిస్తుంది. తెలియనివారు దానినే నలిపివేస్తారు. పిండినల్లికంటె పెద్దదిగా ఉండి చురుకుగా నడిచేదైతే అది మిత్రమని గుర్తించవలెను. మరొక ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన ఈ పురుగు బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను పాడుచేసినది. 2010లో ప్యూర్టోరికోనుండి దాని సహజ శత్రువులైన చిన్న కందిరీగ జాతులను తెప్పించి విడుదల చేసిన తరువాతనే అది అదుపులోకి వచ్చినది.

విత్తనాలు, దుంపలు

తోటకూర, టమాటా, వంగ వంటి చిన్న విత్తనాలను నారుమడిలో చల్లినప్పుడు చీమలు వాటిని ఏరుకొనిపోతాయి. మొలకలు పలుచగా వస్తే విత్తనం మంచిది కాదని అనుకొనేముందు మడి అంచున చీమల దారిని వెదకవలెను. విత్తనాలను సన్నని ఇసుకతో కలిపి చల్లి, పలుచగా మట్టి కప్పి, మొలక వచ్చేవరకు వరిగడ్డి పరచి, తేమ ఆరకుండా చూస్తే ఈ నష్టం తగ్గుతుంది. కొందరు రైతులు మడి చుట్టూ గుప్పెడు నూకలు చల్లుతారు. చీమలు నూకలను మోసుకొనే పనిలో ఉండగా విత్తనం మొలకెత్తుతుంది. ముగ్గు పిండిలోని ఆలోచనే ఇక్కడ సేద్యపు ఉపాయమైనది.

నేరుగా పంటను తినే చీమలు లేకపోలేదు. అస్సాం, మేఘాలయ మొదలైన ఈశాన్య రాష్ట్రాల్లో డోరైలస్ ఓరియెంటాలిస్ అనే ఎర్రచీమ బంగాళాదుంప రైతుకు పెద్ద బెడద. దీని పనిచేసే చీమలకు కళ్ళు లేవు. నేల లోపలనే తిరుగుతాయి. దుంపలకు చిన్న చిన్న రంధ్రాలు తొలిచి లోపలి భాగాన్ని తింటాయి. పైకి మొక్క పచ్చగానే ఉంటుంది. దుంపలు తవ్వినప్పుడు మాత్రమే నష్టం తెలుస్తుంది. సగం మగ్గిన పశువుల ఎరువు వేసిన నేలలో దీని ఉధృతి ఎక్కువ. అందువలన బాగా మగ్గిన ఎరువును మాత్రమే వేయడం, నేల ఎండిపోకుండా తడులు ఇవ్వడం, దుంప తయారైన వెంటనే తవ్వడం అక్కడి రైతులకు ముఖ్యమైన జాగ్రత్తలు. ఎరువు సరిగా మగ్గకపోతే దాని ఫలితం పంటపై ఎట్లు పడుతుందో ఇది తెలుపుతున్నది.

కంపోస్టు కుప్పలో చీమలు

కంపోస్టు శాస్త్రంలో మన దేశానికి గౌరవస్థానం కలదు. ఇందూరులో 1924లో స్థాపించిన వృక్ష పరిశ్రమ సంస్థలో ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ కలసి భారతీయ, చైనా రైతుల పద్ధతులను పరిశీలించి, ఇందూరు పద్ధతిని రూపొందించి 1931లో గ్రంథంగా ప్రకటించినారు. 1939లో బెంగళూరులో సి. ఎన్. ఆచార్య మరొక పద్ధతిని రూపొందించినారు. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా రైతు నారాయణ దేవ్‌తావ్ పాంఢరీపాండే ఇటుకల మధ్య రంధ్రాలు వదలి కట్టే తొట్టి పద్ధతిని ప్రచారం చేసినారు. ఆయన పేరులోని పొడి అక్షరాలతోనే దానిని నాడెప్ పద్ధతి అంటున్నారు.

పద్ధతి ఏదైనా పనిచేసేవి సూక్ష్మజీవులే. వాటికి గాలి, నీరు, ఎండు పచ్చి పదార్థాల సరైన పాళ్ళు కావలెను. కుప్పలో తేమ 50 నుండి 60 శాతం ఉండి, పచ్చి ఆకు, పేడ తగినంత ఉంటే మొదటి వారాల్లో లోపలి వేడి 55 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరుగుతుంది. అంత వేడిలో చీమ గూడు పెట్టలేదు. కుప్పలో చీమలు కాపురం పెట్టినవంటే అది చల్లబడినది, ఎండిపోయినది, మగ్గడం ఆగినది అని అర్థం. ఆ విధంగా చీమ ఇక్కడ దోషి కాదు. కుప్ప పరిస్థితిని తెలిపే సూచిక.

తేమను పరీక్షించుటకు పరికరాలు అక్కరలేదు. కుప్ప నడుమనుండి గుప్పెడు తీసి గట్టిగా పిండవలెను. వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే తేమ సరిపోయినది. ఏమీ రాక పొడిపొడిగా రాలితే నీరు చాలదు. ధారగా కారితే నీరు ఎక్కువైనది. అప్పుడు చీమలు రావు గాని గాలి ఆడక దుర్వాసన వస్తుంది.

ఎండిన కుప్పకు పైనుండి నీరు పోస్తే అది పక్కలకు జారిపోతుంది. పారతో కుప్పను విప్పి, పొర పొరకు నీరు చిలకరిస్తూ, పేడనీరు కలిపి, బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేటట్లు తిరిగి పేర్చవలెను. కదలిక, తేమ, ఆ తరువాత పుట్టే వేడి - ఈ మూడింటికీ తట్టుకొనలేక చీమలు గుడ్లు, పిల్లలతో సహా తరలిపోతాయి. మొదటి నెలలో 15 రోజులకు ఒకసారి తిరగవేయడం మంచిది. వంటింటి తుక్కులో అన్నం, బెల్లం, పండ్ల తొక్కలు ఉంటే వాటిని కుప్ప పైన పడవేయక, అరచేతి లోతున పూడ్చి, ఎండుటాకులు గాని మట్టి గాని కప్పవలెను.

ప్రాంతాన్ని బట్టి కుప్ప రూపం మారవలెను. వేసవి ఎండలు 40 డిగ్రీలు దాటే రాయలసీమ, తెలంగాణ, విదర్భ వంటి ప్రాంతాల్లో నేలపై పేర్చిన కుప్ప త్వరగా ఎండుతుంది. అక్కడ గుంట తీసి, చెట్టు నీడన పెట్టి, తడిపిన గోనెసంచులు కప్పడం మేలు. వర్షాలు అధికమైన కొంకణ తీరంలోను, ఈశాన్యంలోను గుంటలో నీరు నిలుస్తుంది. నేలపైనే కుప్ప వేసి పైకప్పు వేయవలెను. ఇందూరులో సైతం ఎండాకాలంలో గుంటలు, వానాకాలంలో నేలపై కుప్పలు వాడినారు.

మగ్గడం పూర్తయిన ఎరువులో చీమలు ఉంటే ఆందోళన అవసరం లేదు. ఎరువును పలుచగా పరచి ఒక రోజు వదిలితే అవి వెళ్ళిపోతాయి. కుట్టే ఎర్రచీమలు ఉన్నచోట మాత్రం చేతులు పెట్టక పార వాడవలెను. పిల్లలను దూరంగా ఉంచవలెను. చీమ కుట్టిన తరువాత ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

వానపాముల తొట్టి

వానపాముల ఎరువు విషయం వేరు. ఇక్కడ చీమ సూచిక మాత్రమే కాదు, నిజమైన శత్రువు. వానపాముల పిల్లలను, గుడ్లను చీమలు ఎత్తుకొనిపోతాయి. ఎర్రచీమలు పెద్ద పాములను సైతం కుట్టి చంపుతాయి. తొట్టిలో వేడినీరు పోయడం, పురుగుమందు చల్లడం, ఉప్పు వేయడం వానపాములను చంపుతాయి గనుక ఈ పనులు చేయరాదు. రక్షణ వెలుపలనే ఉండవలెను. తొట్టి చుట్టూ బెత్తెడు వెడల్పున చిన్న కాలువ కట్టి నీరు నింపడం అన్నిటికంటె సులభమైన మార్గం. చిన్న తొట్లయితే ఇటుకలపై నిలిపి, ఇటుకలను నీటి పళ్ళెములలో ఉంచవచ్చును. ఆకులు, పుల్లలు ఆ నీటిపై వంతెనవలె పడకుండా ప్రతిదినం చూడవలెను. నీటిని రెండు మూడు రోజులకు ఒకసారి పారబోసి మార్చకపోతే దోమలు పెరుగుతాయి.

పొడిమందు నేర్పిన పాఠం

ఒకప్పుడు గమాక్సిన్ అనే పేరుతో ఇంటింటా వాడిన బి.హెచ్.సి. పొడి చీమల మందుగా ప్రసిద్ధి పొందినది. గడపల వద్ద, ధాన్యపు గాదెల చుట్టూ, కూరగాయల మడుల్లో దానిని చల్లేవారు. ఆ మందు నేలలో సంవత్సరాల తరబడి నిలిచి ఉండేది. పశుగ్రాసం ద్వారా పాలలోకి, ఆహారం ద్వారా మనుషుల శరీరపు కొవ్వులోకి చేరేది. మన దేశంలో దాని వాడకాన్ని 1997లో నిషేధించినారు. చెదలకు, చీమలకు నేలలో కలిపే ఆల్డ్రిన్‌ను 1996లోనే నిషేధించినారు. అంతకాలం వాడినా చీమలు తగ్గలేదు. మందు చల్లినచోట మొదట నశించినవి అక్షింతల పురుగులు, సాలెపురుగులు, వానపాములు. పేనుబంక తిరిగి రాగానే చీమలూ వచ్చినవి. వాటిని అడ్డగించే మిత్రులు మాత్రం రాలేదు. పొడి పేరు మారినా, నేడు అమ్ముతున్న మందులను విచక్షణ లేక కూరగాయలపై చల్లితే జరిగేది ఇదే.

నివారణ క్రమం

తోటలో చీమలు కనిపించినప్పుడు ఈ క్రమాన్ని పాటించవచ్చును.

1. ఉదయం, సాయంత్రం చీమల దారిని గమనించి, దాని రెండు కొనలు ఎక్కడున్నవో కనుగొనవలెను. మొక్కపైకి పోతుంటే ఆకుల అడుగు భాగాన్ని, లేత చిగుళ్ళను పరిశీలించవలెను. పేనుబంక, పిండినల్లి లేకపోతే చీమలను వదిలివేయవలెను.

2. పేనుబంక కొద్దిగా ఉంటే నీటిని వేగంగా చిమ్మి కడగవలెను. బాగా పట్టిన కొనలను తుంచి నాశనం చేయవలెను. పేడ ఎరువుతోనే సరిపుచ్చుకొని నత్రజని ఎరువులను అతిగా వేయకుండా చూస్తే చిగుళ్ళు మరీ మెత్తబడవు. పేనుబంకా అంతగా చేరదు.

3. ఉధృతి ఎక్కువైతే 5 శాతం వేపగింజల కషాయం వాడవచ్చును. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి చొప్పున రాత్రి నానబెట్టి, ఉదయం గుడ్డతో వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి, సాయంత్రపు చల్లని వేళ ఆకుల అడుగున తడిసేటట్లు చల్లవలెను. అక్షింతల పురుగులు ఉన్న కొమ్మలను విడిచిపెట్టవలెను.

4. కాండంపైకి ఎక్కే చీమలను ఆపుటకు చెట్టుకు గుడ్డ గాని, మందపు కాగితం గాని చుట్టి దానిపై గ్రీజు పూయవచ్చును. బెరడుపై నేరుగా పూయరాదు. నేలకు, గోడకు తగులుతున్న కొమ్మలను కత్తిరించకపోతే చీమలు ఆ దారిన ఎక్కుతాయి. కుండీలనైతే నీటి పళ్ళెముల నడుమ నిలుపవచ్చును.

5. మడి నడుమ గూడు పెట్టినప్పుడు వరుసగా కొన్ని రోజులు నీటితో తడిపితే అవి స్థలం మార్చుకొంటాయి. మరుగునీరు మొక్కల వేళ్ళకు దూరంగా, దారిలో ఉన్న గూళ్ళకు మాత్రమే, పెద్దలు పోయవలెను.

6. బూడిద, పసుపు వంటివి దారి వాసనను కొంతసేపు చెరుపుతాయి. తడిస్తే వాటి ప్రభావం పోతుంది. వీటిని తాత్కాలిక ఉపాయాలుగానే భావించవలెను.

7. సామాను గదిలో చీమలు విపరీతమైతే చక్కెర నీటిలో 1 శాతం బోరిక్ ఆమ్లం కలిపిన ఎరను మూతకు సన్నని రంధ్రాలు ఉన్న డబ్బాలో ఉంచవచ్చును. మోతాదు తక్కువ కావడం వలన చీమ దారిలో చావక ఎరను గూటిలోని రాణివరకు చేరుస్తుంది. ఎక్కువ కలిపితే ఈ ప్రయోజనం నెరవేరదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు ఇది అందరాదు. బోరాన్ అధికమైతే మొక్కలకు హాని గనుక మడిలో పోయరాదు.

అదుపు తప్పిన చీమ

చీమల బెడద ఊళ్ళకు ఊళ్ళనే బాధించిన సందర్భాలు కూడా కలవు. తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై అడవి చుట్టుపట్ల గ్రామాలను 2022లో పసుపుపచ్చని పిచ్చిచీమలు ముంచెత్తినవి. దీని శాస్త్రీయ నామం అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్. ఇది కుట్టదు, ఆమ్లాన్ని చిమ్ముతుంది. మేకల, పశువుల కళ్ళకు గాయాలైనవని, అడవిలో పశువులను మేపడం కష్టమైనదని అక్కడి రైతులు చెప్పినారు.

ఇదే జాతి హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో లక్షలాది ఎర్ర పీతలను చంపినది. అక్కడ చాలాకాలం విషపు ఎరలు చల్లినారు. చివరకు చీమలకు తీపి ఎక్కడినుండి వస్తున్నదో పరిశీలించగా, చెట్లపై పెరిగిన ఒక లక్క జాతి పొలుసు పురుగు ఆ తీపిని ఇస్తున్నదని తేలినది. ఆ పురుగును నాశనం చేసే చిన్న కందిరీగను మలేషియానుండి తెచ్చి 2016 డిసెంబరులో దీవిలో విడిచినారు. చీమను గాక, చీమకు దొరికే తీపిని తగ్గించడం ఆ ప్రయత్నపు ఉద్దేశం. పెరటిలోని చిక్కుడు పాదుకు పనికివచ్చిన సూత్రమే ఒక దీవికీ ఆధారమైనది.

పాఠశాల తోటలో

పాఠశాల తోట ఈ విషయాన్ని నేర్చుకొనుటకు అనువైన స్థలం. విద్యార్థులు ఒక పుస్తకంలో చీమల దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినది, ఆ మొక్కపై మరే కీటకాలు ఉన్నవి, కంపోస్టు కుప్పలో పిడికిటి పరీక్ష ఏమి తెలిపినది, కుప్పను తిరగవేసిన ఎన్ని రోజులకు చీమలు వెళ్ళినవి అనే వివరాలను వారం వారం రాయవచ్చును. రెండు చిక్కుడు పాదులను ఎన్నుకొని, ఒకదానికి మాత్రం చీమలు ఎక్కకుండా అడ్డు కట్టి, పక్షం రోజుల తరువాత రెండింటిపై ఉన్న పేనుబంకను, అక్షింతల పురుగులను లెక్కించి పోల్చవచ్చును. ఇందుకు ఖర్చు లేదు, ఓర్పు కావలెను.

అస్సాంలోని బంగాళాదుంప మడి, తమిళనాడులోని బొప్పాయి తోట, రాయలసీమలోని ఎరువు గుంట - నేలలు, వర్షాలు, పంటలు వేరైనా రైతు చేయవలసిన పరిశీలన ఒక్కటే. కుప్పకు తగిన నీరు, మొక్కకు తగిన పోషణ, మిత్ర కీటకాలకు తోటలో చోటు - ఈ మూడూ ఉన్నచోట చీమ తన పని తాను చేసుకొంటుంది. అటువంటి తోటలో కోసిన కూరగాయను మంచినీటితో కడిగి నిశ్చింతగా పిల్లలకు వండిపెట్టవచ్చును.